గోడ గూట్లో వైఫై డబ్బా

మా ఇల్లు తగలబడిపోకుండా కాపాడినవాణ్ణి నేను. ఒక ఇల్లు కాదు, రెండిళ్లు. మధ్యగోడకి ఇటు నాది, అటు మా అన్నయ్యది. ఆ గోడ గూట్లో ఉన్న వైఫై డబ్బాలోంచి సన్నగా పొగ లేచింది. వెనకాలే నీలం మంట. ఇంట్లో ఎవరూ చూడలేదు. నేను కాలికి చెప్పులైనా లేకుండా వెళ్లి, ఒంటి చేత్తో ప్లగ్గు పీకేశాను. షాకు కొట్టి మోచేతి దాకా తిమ్మిరెక్కింది. డెబ్బై ఒకటో ఏట ఇంత పని చేసినవాడు నెల్లిమర్లలో ఇంకొకడుంటే చూపించండి.

ఈ మాట మా వీధిలో చాలామందికి చెప్పాను. మొదటిసారి పొగ మాత్రమే చెప్పాను. పాలాయనకి చెప్పేసరికి మంట వచ్చింది. నీలం రంగు మా ఆవిడ అక్కచెల్లెళ్లు పరామర్శకి వచ్చిన రోజున కలిసింది. షాకు ఎప్పుడు కలిసిందో నాకే గుర్తులేదు.

పొగ రాలేదు. మంట లేదు. షాకు కొట్టలేదు. ప్లగ్గు పీకిన మాట ఒక్కటే నిజం. ఎందుకు పీకానన్నది చెప్పాలంటే గోడ దగ్గర్నుంచి రావాలి.

మా నాన్న గుడిలో సన్నాయి వాయించేవాడు. ఆయన కట్టిన ఇల్లే మేమిద్దరం పంచుకున్నాం. నడిమిగోడ మూరెడు మందం, పాతకాలపు సున్నం గోడ. అందులో అటూ ఇటూ తెరిచి ఉన్న గూడు ఒకటుంది. మా అమ్మ అందులో దీపం పెట్టేది. పంపకాల రోజున పెద్దమనుషులు గూడు ఎవరి వాటా అని అడిగితే ఇద్దరమూ నోరెత్తలేదు. అందుకని దాన్ని ఎవరివైపూ మూయలేదు. ఒక రోజు వదిన, ఒక రోజు మా ఆవిడ దీపం పెడుతూ వచ్చారు. ఆ గూట్లోంచే ఉప్పు, అగ్గిపెట్టె, వీధిలో మాటలు అటూ ఇటూ నడిచేవి.

నాన్న విద్యలో సంగీతం అన్నయ్యకి వెళ్లింది. నాకు మిల్లు వచ్చింది. ముప్ఫై ఏళ్లు జనపనార మగ్గాల చప్పుడులో పనిచేశాను కాబట్టి నాకు చెవుడని అందరికీ చెబుతాను. అది కూడా కొంచెమే నిజం. వినదలుచుకోని మాటలకి బాగా పనికొస్తుంది.

అన్నయ్య విజయనగరంలో పిల్లలకి పాట నేర్పి, వయసైపోయాక రోజూ అంత దూరం పోలేక ఫోన్లో పాఠాలు మొదలుపెట్టాడు. హైదరాబాదులో ఒక పిల్ల, బరంపురంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇంకో ముగ్గురు. ఆయన చాప మీద కూర్చునేవాడు. పక్కన వదిన తొడ మీద తాళం వేస్తూ ఫోను నిలబెట్టిన చెంబుని సరిచేస్తూ ఉండేది. ఆ పాఠాల కోసమే నెట్టు లైను తెప్పించాడు. మా వీధికి వైఫై తెచ్చింది నేనేనని చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. తెచ్చింది ఆయన, లైను ఆయన పేరు మీదే ఉంది. ఆ రోజున నేను నిచ్చెన పట్టుకున్నాను. కొంతసేపు.

రెండిళ్లకీ అందుతుందని డబ్బాని గూట్లో పెట్టారు. దీపం గూటి అంచుకి జరిగింది. దసరాకి వదిన కత్తిపీటతో పాటు డబ్బాకి కూడా బొట్టు పెట్టేది. స్విచ్చు మాత్రం నా వైపు వచ్చింది.

ఒక మధ్యాహ్నం అన్నయ్య భోజనం చేసి పడుకున్నాడు. లేవలేదు.

వాళ్లకి పిల్లలు లేరు. కర్మ నేనే చేశాను. అందరూ ఏడ్చారు, నాకు రాలేదు. కుండ పట్టుకోమంటే పట్టుకున్నాను. వెనక్కి చూడొద్దంటే చూడలేదు. గుండు చేయించుకున్నాక తలకి చల్లగా గాలి తగిలింది, అది గుర్తుంది. కూరల్లో తాలింపు లేదు, అది కూడా గమనించాను. పన్ను పీకించుకున్నాక బుగ్గ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉన్నాను. నొక్కి చూసుకుంటే బుగ్గ ఉన్నట్టు చేతికి తెలుస్తుంది, బుగ్గకి తెలియదు.

మా వైపు మైల రోజుల్లో టీవీ పెట్టరు. మా ఆవిడ మొదటి రోజే దాని మీద పాత దుప్పటి కప్పింది.

మూడో రోజు సాయంత్రం గూట్లోంచి పాఠం వినబడింది. బరంపురం పిల్లల తల్లి అన్నయ్య పాఠాలు కొన్ని వీడియో తీసి నెట్లో పెట్టింది. వదిన తన ఫోన్లో వాటిలో ఒకటి పెట్టుకుంది. జంట స్వరాలు. ఒక వరస పాడతాడు, పిల్లలు పాడతారు, “మళ్లీ” అంటాడు. ఇంకో వరస, మళ్లీ. నేను లేచి గూటి దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకాను. అడాప్టరు తీగ చుట్టి, మిల్లుకి పట్టుకెళ్లే పాత టిఫిను క్యారేజీలో పెట్టి, పైన గిన్నెలు పేర్చి కొక్కెం బిగించాను. మైల ఇల్లు కదా, టీవీ వద్దన్నచోట ఇది మాత్రం ఎందుకు అనుకున్నాను.

కాసేపటికి కోడలు మేడ మీద నుంచి దిగి, మావయ్యా నెట్ పోయిందేమిటని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకి నా నోట్లోంచి పొగ వచ్చింది. డబ్బా కాలిపోయిందన్నాను. అడాప్టరు కరిగిపోతే కాలవలో పారేశానన్నాను. పిచ్చిపిల్ల, ముందు నా చెయ్యి పట్టుకుని చూసింది, ఎక్కడైనా కాలిందేమోనని.

పన్నెండో రోజు అయ్యాక కోడలు మళ్లీ పనిలో కూర్చుంది. మా అబ్బాయి పొద్దున్నే రైలెక్కి విశాఖపట్నం వెళ్లి చీకటి పడ్డాక వస్తాడు. ఆమె ఉద్యోగం మాత్రం మేడ మీద గదిలోనే, హైదరాబాదు కంపెనీకి. డబ్బా బతికున్న రోజుల్లోనే ఆ గదికి సరిగా అందేది కాదు, మీటింగు మధ్యలో ఆమె మొహం నోరు తెరిచి నిలబడిపోయేదట. ఇప్పుడు ఫోను నెట్టుతో లాక్కొస్తోంది. ఇలా అయితే ఆఫీసుకే వచ్చి పనిచేయాలని పైవాళ్లు ఒకసారి చెప్పారు. రెండోసారి చెప్పనివ్వకూడదని ఆమె బాధ. అందుకని కొత్త డబ్బా కొందాం, మేడ మీద పెడదాం అంది.

నిర్ణయం నాకు వదిలారు. ఇంటికి పెద్దని, పైగా మంటతో పోరాడినవాణ్ణి.

కోడలు న్యూస్ పేపరు అంచు మీద బొమ్మ గీసి చెప్పింది. కొత్త డబ్బా రెండు రకాల తరంగాలు పంపుతుందట. వేగంగా పోయేది గోడ దాటలేదు. గోడ దాటేది నెమ్మదిగా పోతుంది. మేడ మీద నుంచైతే కింద మన గదుల దాకా వస్తుంది గాని, శ్లాబు దాటి, ఆపైన మూరెడు సున్నం గోడ దాటి అటు వెళ్లాలంటే రెండో రకం కూడా చాలదు.

“పెద్దత్తయ్యకి రాదు మావయ్యా. అదొక్కటే నాకు బాగులేదు” అంది.

వదినకి నెట్టు కావలసిన పని ఉంది. పాఠాలు మధ్యలో ఆగిపోయాయి, మీరైనా చెప్పండమ్మా అని పిల్లల తల్లులు ఆవిడకి ఫోను చేస్తున్నారు. నలభై ఏళ్లు ఆయన సాధనకి పక్కన కూర్చుని తాళం వేసిన మనిషికి పాట రాకుండా ఎలా ఉంటుంది. చూస్తానందట. ఆవిడ ఫోన్లో డేటా ఉండదు, ఇంట్లో వైఫై ఉందని అన్నయ్య ఎప్పుడూ వేయించలేదు. కొత్తది పెట్టాక తన వైపు కూడా వస్తుందా అని మా ఆవిణ్ణి ఒకసారి అడిగింది. నన్ను అడగలేదు. పిల్లలు ఇంకెంత కాలం ఆగుతారు, వేరే మేస్టారుని చూసుకుంటారు. పొద్దున్నే లేచి ఆవిడకి చెయ్యడానికి మిగిలిన పని ఆ ఆరుగురు పిల్లలే.

ఇదంతా నాకు తెలుసు. పాత డబ్బా నిక్షేపంలా ఉందనీ తెలుసు. అయినా రోజులు జరిపాను. అమావాస్య వెళ్లనీ అన్నాను. రాజాంలో మా మేనల్లుడి కొట్లో మంచివి దొరుకుతాయి, కనుక్కుంటానన్నాను. కనుక్కోలేదు. ఈ కొత్త తరంగాలు గుండెకి మంచివి కావని మిల్లులో ఒక ఇంజనీరు చెప్పాడన్నాను. ఆ ఇంజనీరు పోయి ఇరవై ఏళ్లు, ఆయన కాలంలో ఇంట్లో ఫోనుంటేనే గొప్ప. కోడలు విని మేడెక్కిపోయేది. రోజూ సాయంత్రం గూట్లో వెలిగిన దీపం ఇప్పుడు డబ్బా లైట్లు లేని గూడంతా పరుచుకునేది. నేను అరుగు మీద కూర్చుని వీధి చూసేవాణ్ణి. దేని మీదా ఆలోచన నిలిచేది కాదు.

చివరికి కోడలే కేబులాయన్ని పిలిపించింది. నలభై ఏళ్ల మనిషి, మా లైను మొదట వేసింది అతనే. వస్తూనే పాత డబ్బాని గూట్లోంచి కిందికి దించి తన దగ్గరున్న వేరే అడాప్టరు పెట్టి చూస్తానన్నాడు. వద్దు, లోపలంతా కాలిపోయింది, వాసన చూడు అన్నాను. నిజంగానే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“కాలిన వాసన కాదు మావా. కరుపూరం వాసనొస్తంది.”

“పైన అలాగే ఉంటుంది. లోపల చూడాలి.”

“ఏమో, నువ్వు సూసినావు, నీకే తెలుస్తాది” అని పక్కన పెట్టేశాడు.

లైను అన్నయ్య పేరు మీద ఉంది కాబట్టి, డబ్బా మార్చాలంటే ఆయన ఫోనుకి ఒక నంబరు వస్తుంది, అది చెప్పాలన్నాడు. ఆ ఫోను వదిన దగ్గరుంది. కోడలు గూట్లోంచి అడిగింది. వదిన ఎందుకని అడగలేదు. లోపలికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుంది. ఫోను దీపానికి అడ్డంగా పట్టుకుని ఒక్కొక్క అంకే చదివింది. ఆరంకెలు. చివరిది కేబులాయనకి అందలేదని రెండుసార్లు చెప్పింది. ఆ నంబరుతో తన ఇంటికి నెట్టు లేకుండా పోతుందని ఆవిడకి తెలుసు. నేను ఇవతల నిలబడి నాకేమైనా అనిపిస్తుందేమోనని చూసుకున్నాను. అదే బుగ్గ.

కొత్త డబ్బా మేడెక్కింది. కోడలు ల్యాప్‌టాప్ తెరిచి ఎవరితోనో మాట్లాడి చూసుకుని, చాలా రోజుల తర్వాత నవ్వింది. కేబులాయన ఫోను పట్టుకుని వదిన ఇల్లంతా తిరిగొచ్చాడు. వీధి గుమ్మంలో ఒక గీత కనబడింది, నడిమింట్లో అదీ లేదు.

“పాతది బాగుంటే పని తేలికయిపోను. పైనుంచి ఒక వైరు దించి దానికి తగిలించి గూట్లోనే పెట్టీవోణ్ణి. రెండేపులా వచ్చీది. కాలిపోనాదన్నావు కదా మావా.”

ఇంకో కొత్తది కొనేద్దాం అని నా నోటిదాకా వచ్చింది. అన్నాను కూడా. అదొక్కటే నన్ను గట్టెక్కించే దారి. కోడలు సరేనంది. మా ఆవిడా సరేనంది. అప్పుడు గూట్లోంచి వదిన గొంతు వచ్చింది.

“నా ఒక్కదానికి కొత్తదెందుకు. పాతది బాగుంటే పెట్టండి. నేకపోతే మానీండి.”

అంతే అంది. వంగి గూట్లోంచి ఇటు చూసింది. కోడల్ని కాదు, కేబులాయన్ని కాదు. నన్నే. కోపంగా లేదు. బియ్యంలో రాయి కనబడితే చూసినట్టు చూసింది. కొత్తది ఆవిడ తీసుకోదు. పాతది బాగుందని చెప్పగలిగినవాణ్ణి ఈ ఇంట్లో నేనొక్కణ్ణే.

నేను వంటింట్లోకి వెళ్లి అటక మీద నుంచి టిఫిను క్యారేజీ దించాను. కొక్కెం తుప్పు పట్టి రాకపోతే కత్తిపీట చివరతో ఎత్తాను. పైగిన్నె, మధ్యగిన్నె తీసి, అడుగుగిన్నెలోంచి అడాప్టరు తెచ్చి కేబులాయన చేతిలో పెట్టాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, తగిలించాడు. మొదట ఎర్ర లైటు, ఆ తర్వాత పచ్చవి ఒకదాని వెంట ఒకటి.

“బాగున్నాది మావా” అన్నాడు.

మా ఆవిడ వెనక నిలబడి ఉంది.

“మరి పొగో?”

“లేదు.”

“మంట?”

“అదీ లేదు.”

“నీలం రంగన్నావు.”

తన అక్కచెల్లెళ్లకి మా ఆవిడ చెప్పిన కథ ఇంకెంత పెద్దదో నాకు తెలియదు. కోడలు తల తిప్పుకుంది. ఆ రోజు నా చెయ్యి పట్టుకుని చూసిన పిల్ల. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పంచె అంచు సర్దుకున్నాను.

కేబులాయన వైరు దించుతుంటే నేను వీధిలోంచి చుట్టి వదిన గుమ్మానికి వెళ్లాను. గూట్లోంచి చెప్పే మాట కాదు ఇది. వదిన నడవలో చేట పెట్టుకుని అంబలికి చోళ్లు ఏరుతోంది. ఎదురుగా పీట మీద కూర్చున్నాను. నాకు పన్నెండేళ్లప్పుడు ఈ ఇంటికి వచ్చిన మనిషి, నన్ను తిట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు. తిట్టలేదు. చోళ్లు ఏరుతూనే ఉంది.

చెప్పాను. అబద్ధమాడాను వదినా, డబ్బా కాలలేదు, నేనే ఆపేశాను అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నా నోటి సంగతి మీకు తెలిసిందే. మైల రోజులు కదా, అన్నయ్య పోయిన ఇంట్లో ఫోనులు మోగుతుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు, నీ మనసు ఇంకా కష్టపడుతుంది, ఇంటి మర్యాద నేను కాకపోతే ఎవరు చూస్తారు, అందుకని నీ మంచికే ఆపాను, తర్వాత చెప్పడానికి సిగ్గేసింది అన్నాను. చెబుతున్న కొద్దీ అది నాకే నిజంలా వినబడింది. నా గొంతు కొంచెం వణికింది కూడా. వణికించానో వణికిందో చెప్పలేను.

వదిన చేట కింద పెట్టింది.

“తెలుసు” అంది. “ప్లగ్గు పీకిన సప్పుడు నాకినపడింది.”

“అప్పుడే అడగొచ్చు కదా.”

“అడిగితే ఏటి సెప్పీవోడివి. ఇంకో మంట సెప్పీవోడివి.”

నేను తల దించుకుని చేటలో చోళ్లు చూశాను. ఆవిడ గొంతు పెంచలేదు. పాఠం చెప్పినట్టే, ఒక్కొక్క మాటా ఆగి ఆగి చెప్పింది.

“మైలైతే మొదటి రోజే కట్టెయ్యాల. రెండు రోజులు అరుగు మీద కూకుని ఫోన్లో కిరికెట్టు సూసినావు, నాను సూడనేదేటి. మూడో రోజు మీ అన్నియ్య పాఠం కొంచెం గట్టిగా పెట్టుకున్నాను. మూడో వరస కాడ కట్టేసినావు. మైల కాదు, మర్యాదా కాదు. ఆయన గొంతు నువ్వు వినలేకపోనావు. నాను అది వినే ఆ మూడు రోజులు కూకున్నాను. నెల్లాళ్లు నాకది నేకుండా సేసినావు, నాయినా. నా మంచికని సెప్పకు.”